గడ్డిమైదానములో ఇనుప మృగములు

నేటి ప్రసంగమునకు నేను ఎన్నుకొన్న విషయము కంటితో చూడదగినది. వినుటకు మాత్రమే వీలున్న ఈ సాధనముతో దానిని మీకు అందించుట కష్టమని ఎరిగియు సాహసించుచున్నాను. ఏలయనగా, ఆ శిల్పములు నిలిచిన చోటు మనకు బహుదూరమే కాని, వాటిని నిర్మించిన పదార్థము మాత్రము మన ప్రతి వీధి చివరను, ప్రతి పొలముగట్టునను పడియున్నదే.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, కెనడా సరిహద్దును ఆనుకొని, ఉత్తర డకోటా అను రాష్ట్రము కలదు. చెట్టు అరుదుగను, ఆకాశము విరివిగను ఉండు సీమ అది. శీతకాలమున మంచుగాలి, వేసవిలో పొడిగాలి, ఏడాది పొడుగునను ఏదో ఒక గాలి అక్కడి గోధుమ చేలను ఊపుచునే యుండును. ఆ రాష్ట్రమును తూర్పు నుండి పడమరకు చీల్చుకొనిపోవు 94వ నంబరు రహదారి మీద, డికిన్సన్ పట్టణమునకు కొంత తూర్పుగా, గ్లాడ్‌స్టన్ అను చిన్న ఊరి వద్ద ఒక దారి దక్షిణమునకు చీలును. ఆ దారి 32 మైళ్ళు, అనగా మన లెక్కలో ఏబది కిలోమీటర్లకు కొంచెము పైగా సాగి, రీజెంట్ అను పల్లెను చేరును. ఆ పల్లె జనాభా రెండు వందలకు లోపు. మంత్రముగ్ధమైన రహదారి అని అర్థము వచ్చు పేరుతో దేశమంతటను ప్రసిద్ధమైన దారి ఇదియే. దీనికి ఇరుప్రక్కల, పొలముల నడుమ, ఒక్కొక్క శిల్పమునకు నడుమ మైళ్ళ ఎడము విడిచి, ఆకాశమంత ఎత్తున లోహపు పక్షులును, మృగములును, కీటకములును నిలిచియున్నవి. చూడవచ్చినవారు బండి నిలిపి, గులకరాళ్ళు పరచిన చోట దిగి, వాటి కాళ్ళ క్రిందకు నడిచిపోవచ్చును, చేతితో తాకవచ్చును. తలుపు లేదు, రుసుము లేదు, కావలివాడు లేడు.

రహదారి దిగీదిగకమునుపే ఒక మిట్టమీద మొదటి నిర్మాణము కనబడును. 110 అడుగుల ఎత్తు, 154 అడుగుల వెడల్పు గల ఇనుప చట్రమది, కంటి ఆకారమున వంచబడినది. దానిలో సూర్యకిరణముల వలె కమ్ములు ప్రసరించియుండగా, వాటికి అడ్డముగా రెక్కలు చాచిన అడవిబాతులు ఎగిరిపోవుచుండును. దాని బరువు, ఆ దేశపు లెక్కలో, 78 టన్నులకు పైగా. 2001లో పూర్తియైన ఈ కృతిని ప్రపంచమున తుక్కు ఇనుముతో చేసిన శిల్పములన్నింటిలోను పెద్దదిగా గిన్నిస్ గ్రంథము నమోదు చేసెను. బాతుల మేనులు చమురుబావుల వద్ద పాడైన ట్యాంకుల రేకు. చట్రము ఆ బావుల నుండి పైకి తీసిన గొట్టములు. శరదృతువు వచ్చినంతనే ఉత్తరపు సరస్సులు గడ్డకట్టకముందే దక్షిణమునకు పయనమగు నిజమైన బాతులు, బారులు తీర్చి, అరచుచు, సరిగా ఈ చేలమీదుగనే పోవును. కాబట్టి ఆ చట్రములోని బాతులు ఏ కల్పనాలోకము నుండియు వచ్చినవి కావు. అక్కడి రైతు ప్రతి సంవత్సరము తలయెత్తి చూచునవే.

దీనినంతను చేసినవాడు గ్యారీ గ్రెఫ్ అను ఒక బడిపంతులు. రీజెంట్ పల్లెలో పుట్టి, ఉపాధ్యాయుడుగను, ప్రధానోపాధ్యాయుడుగను పని చేసి, 1989 ప్రాంతమున స్వగ్రామమునకు తిరిగివచ్చినాడు. వచ్చి చూడగా ఊరు క్షీణించుచుండెను. పొలములు పెద్దవగుచు రైతు కుటుంబములు తగ్గిపోవుట, యువకులు పట్టణములకు తరలిపోవుట, అంగళ్ళు ఒక్కొక్కటిగా మూతపడుట: ఈ కథ మన పల్లెలకును క్రొత్త కాదు. పెద్ద రహదారిమీద నిత్యము వేలకొలది బండ్లు పోవుచున్నవి. వాటిలో కొన్నింటినైనను ఈ ముప్పది మైళ్ళ ప్రక్కదారికి త్రిప్పగలిగినచో ఊరు నిలుచునని అతడు తలంచెను. ఎవరో రైతు తన పొలములో గడ్డిమోపును ఎత్తిపట్టిన లోహపు మనిషిని నిలిపియుండగా, పోవువారు ఆగి ఛాయాచిత్రములు తీసికొనుట అతని కంటబడెను. చిన్న బొమ్మకే జనము ఆగుచుండగా, మహాకాయములను నిలిపినచో ఆగకపోవుదురా అని అతనికి తోచినది. అతనికి శిల్పవిద్య తెలియదు. వెల్డింగు పని అంతకుముందు చేసి యెరుగడు. ఆ ఊరి రైతులకు తెలియును. ఎండకాలము యంత్రము విరిగినచో పట్టణము పోయి బాగుచేయించుకొను తీరిక లేనందున, ఆ సీమలో ప్రతి రైతును కొంత కమ్మరియే. వారే నేర్పినారు, చేయి సాయము పట్టినారు, పొలములో చోటిచ్చినారు.

మొదట 1991లో లేచినది మానవ కుటుంబము, తండ్రి, తల్లి, కొడుకు. పిమ్మట 1993లో, ఆ సీమలో కొంతకాలము పశువుల మందలను సాకిన అధ్యక్షుడు థియోడోర్ రూజ్వెల్టు గుర్రపు స్వారి. కాని 1996లో ఫెజంటు పక్షుల కుటుంబము రూపొందినది మొదలుకొని గ్రెఫ్ మనసు జంతువుల వైపు మొగ్గినది. అతని నిజమైన కృషి అక్కడనే ప్రారంభమైనదని నేను భావింతును. ఫెజంటనగా మన నెమలికిని, ఇంటికోడికిని ఒకే కుటుంబమున పుట్టిన చుట్టము, ఆసియాఖండము నుండి అమెరికాకు తీసికొనిపోబడి ఆ చేలలో స్థిరపడిన పక్షి. పుంజు 40 అడుగుల ఎత్తు, 70 అడుగుల పొడవు; దాని ప్రక్కన పెట్ట, వెనుక పిల్లలు. రేకుకు బదులు ఇనుపతీగల వలను గొట్టముల చట్రముమీద బిగించి, రంగులు వేసినందువలన, అంతటి కాయములోను వెలుతురు జొరబడును, గాలి దూరిపోవును. 2002లో కంచె దాటుచున్న మగ లేడియు, దాని జంటయు వచ్చినవి. మగదాని ఎత్తు 75 అడుగులు. తరువాత కొన్నేండ్లకు చేపల శిల్పము నిలిచినది. అందు చూచువాడు నీటి అడుగున నిలిచినట్లును, చేపలు తలమీదుగా ఈదుచున్నట్లును, వాటిలో ఒకటి నీటిమట్టమును చీల్చుకొని పైకి దూకినట్లును ఏర్పాటు కలదు. సముద్రమునకు బహుదూరమున ఉన్న ఎండు మైదానమున ఈ కల్పన మిక్కిలి మనోహరము.

కాని ఆ దారిమీద నాకు అన్నిటికంటె ఘనముగా తోచునది 1999లో నిర్మించిన మిడతల శిల్పము. గోధుమకంకుల నడుమ 40 అడుగుల ఎత్తున, 60 అడుగుల పొడవున ఒక పెద్ద మిడత, దాని చుట్టును చిన్నవి. పాత చమురు ట్యాంకులను కోసి చేసినవి. లేడిని, బాతును ఎవరైనను నిలుపుదురు. అవి కంటికి ఇంపైనవి, కవులకు ప్రీతిపాత్రములు. మిడత యట్లు కాదు. పందొమ్మిదవ శతాబ్దమున ఆ మైదానముల మీద రాకీ పర్వతప్రాంతపు మిడతలదండు దిగినపుడు సూర్యుడు మరుగుపడెడివాడు. గంటలలో పంట మాయమయ్యెడిది. చిత్రమేమనగా, అంతటి కీటకజాతియు సేద్యము విస్తరించిన కొలది నశించి, 1902 తరువాత ప్రాణముతో ఎవరికిని చిక్కలేదు. అయినను 1930లలో అనావృష్టి వచ్చినపుడు వేరు జాతుల మిడతలు విజృంభించి అక్కడి రైతులను ఊళ్ళు విడిచిపోవునట్లు చేసినవి. అట్టి శత్రువునకు ఆ రైతుల మనుమల పొలములోనే, వారి సహాయముతోనే విగ్రహము లేచినది. నేల చరిత్రను చెప్పదలచినవాడు ఆ నేలను బాధించినదానిని విడిచిపెట్టరాదు. ఈ ఒక్క ఎంపికతో గ్రెఫ్ వినోదమునకై చేసిన పని చరిత్రరచన అయినదని నా దృఢాభిప్రాయము.

ఇచ్చట ఇనుమునకును జంతువునకును గల సంబంధమును గూర్చి కొంచెము నిదానించి చెప్పవలసియున్నది. ఉత్తర డకోటాలో 1951లో టయోగా అను ఊరి వద్ద చమురు పడినది. నాటి నుండి ఆ రాష్ట్రపు పడమటి భాగము గోధుమను, చమురును నమ్ముకొని బ్రతుకుచున్నది. ధర పెరిగినపుడు బావులు త్రవ్వుదురు, పడిపోయినపుడు విడిచిపోవుదురు. వారు పోయినను గొట్టము, ట్యాంకు, గొలుసు పోవు. కాబట్టి అక్కడ గుట్టలుపడిన తుక్కు ఒక విధముగా ఆ సీమ ఆశలకును, ఆశాభంగములకును శేషము. దానినే తీసికొని, ఆ సీమ గాలిలో ఎగురు పక్షిని, ఆ సీమ చేలను మేయు కీటకమును చేసినందున, శిల్పమునకు వస్తువును, పదార్థమును ఒకే నేల నుండి లభించినవి. ఎక్కడనో టోకున కొన్న పాత ఇనుముతో మరెక్కడనో ఉన్న ప్రసిద్ధ కట్టడములకు నకళ్ళు తీయుటలో నైపుణ్యము ఉండవచ్చును కాని, ఈ బంధుత్వము మాత్రము ఉండదు.

పాత ఇనుముతో జంతువును చేయుట ఈ పంతులు కనిపెట్టినది కాదు. స్పెయిను దేశీయుడైన హూలియో గొన్సాలెస్ 1918లో పారిస్ దాపున రెనో కార్ల కార్ఖానాలో పనిచేయుచు గ్యాసు వెల్డింగు నేర్చి, దానిని శిల్పమునకు వినియోగించెను. 1928 నుండి పికాసోకు ఆ విద్యలో చేయూతనిచ్చెను. అదే పికాసో 1942లో, జర్మనుల ఆక్రమణలో ఉన్న పారిస్ నగరమున, పాత సైకిలు సీటును ఒకదానిని, హ్యాండిలును ఒకదానిని తీసి కలిపినాడు. అంతే, వృషభశిరస్సు సిద్ధమయ్యెను. రెండే వస్తువులు, మూడవదానికి అవసరము లేదు. 1951లో చేసిన కోతి శిల్పమునకు తన కుమారుని బొమ్మకార్లు రెండింటిని ముఖముగ అమర్చెను, కారు స్ప్రింగును తోకగ మలచెను. ఇట్టి చమత్కారము గ్రెఫ్ పనిలో లేదు. అతని మృగములను దగ్గరనుండి పరిశీలించినచో అవయవసంధులు మోటుగా ఉండును, రేకు అంచులు ముతకగా ఉండును. శుద్ధ శిల్పదృష్టితో తూచినచో అవి మహాకృతుల వరుసలో నిలువకపోవచ్చును. వాటి బలము వాటి చుట్టునున్న శూన్యములో కలదు. మైళ్ళకొలది ఏమియు లేనిచోట ఆ ఆకారము హఠాత్తుగా లేచి, దగ్గరగుచున్న కొలది పెరుగుచు, చివరకు మనలను తన నీడలోనికి తీసికొనును. ఆ అనుభవమును ప్రదర్శనశాల గోడలు ఇవ్వజాలవు.

పికాసో చమత్కారమును, గ్రెఫ్ మృగముల బలమును ఒకచోట చూడగోరువారు రీజెంట్ నుండి మరికొంత దక్షిణముగా పోయి, దక్షిణ డకోటా సరిహద్దులోని లెమ్మన్ పట్టణము చేరవలెను. అక్కడ జాన్ లోపెజ్ అను శిల్పి కలడు. పశువుల క్షేత్రములో పెరిగినవాడు; కంచు విగ్రహములు పోతపోయుటలో ఆరితేరి, పిదప రైతుల పాత సామానుతో పని మొదలుపెట్టినాడు. 1823లో ఆ ప్రాంతముననే హ్యూ గ్లాస్ అను వేటగానిపై ఎలుగుబంటి పడిన ఘట్టమును అతడు తుక్కు ఇనుముతో రూపొందించెను. అతని మృగముల మేనులో నాగటికర్రు నాగటికర్రుగనే, పళ్ళచక్రము పళ్ళచక్రముగనే, గొలుసు గొలుసుగనే గుర్తుపట్టవచ్చును. అయినను నాలుగడుగులు వెనుకకు పోగానే అన్నియు కలిసి కండరములై పొంగును. అమ్మమ్మ కుట్టిన బొంతలో ఏ ముక్క ఎవరి చీరదో చెప్పగల మనుమరాలి వలె, ఆ ఊరి రైతు ఆ మృగము మూపున తన తాత నాగలిని గుర్తుపట్టగలడు.

ఇక పని విషయము. పాత ఇనుముతో పని చేయుట క్రొత్త ఇనుముతో చేయుటకంటె కష్టము, అపాయకరము కూడ. చమురు నిలువచేసిన ట్యాంకులో ద్రవమంతయు పోయినను ఆవిరి మిగిలియుండును; శుభ్రము చేయకుండ గ్యాసుమంట తగిలించినచో బాంబు వలె ప్రేలును. జింకుపూత పూసిన గొట్టమును వెల్డింగు చేయునపుడు లేచు తెల్లని పొగను పీల్చినవానికి ఆ రాత్రియే చలిజ్వరము వచ్చును. మన వెల్డింగు కొట్లలోని పనివారు పాలు త్రాగినచో తగ్గునని నమ్ముదురు కాని, గాలి ధారాళముగ ఆడుచోట పనిచేయుట, ముందుగా ఆ పూతను గీకివేయుట మాత్రమే సరియైన రక్షణ. పోత ఇనుమును ముందుగా వేడిచేయక అతికినచో చల్లారునపుడు బీటలువారును. ఇన్ని జాతుల లోహము ఒకే మేనులో కూర్చుటయు, పిదప ఆ మేనును మైదానపు గాలికి ఎదురుగా నిలబెట్టుటయు సామాన్యము కాదు. నేలపైన కనబడు లేడికాలి కంటె నేలలో పూడ్చిన పునాదియే ఆ శిల్పమునకు ప్రాణాధారము. నిలిపిన తరువాత రంగు వెలియును, త్రుప్పు పట్టును, చుట్టును గడ్డి పెరుగును. దానిని కోయువాడు, నిచ్చెన వేసి రంగు పూయువాడు చాలకాలము ఆ పంతులే. సందర్శకుల విరాళములును, ఊరిలోని చిన్న కానుకల అంగడియు అతనికి ఆధారము.

అయితే ఊరు నిలిచినదా అని మీరు అడుగవచ్చును. జనాభా పెరిగినదని నేను చెప్పలేను. ఊరి బడి మూతపడినది. పిల్లలు పొరుగున ఉన్న మాట్ పట్టణపు బడితో కలిసిపోయిరి. ఆ ఖాళీ భవనమును గ్రెఫ్ కోట ఆకారముగల వసతిగృహముగా మార్చెను. ప్రతి వేసవిని దూరప్రాంతముల వారు ఆ పల్లెకు వచ్చుచున్నారు, భుజించుచున్నారు, బసచేయుచున్నారు. రెండు వందల మందికి లోపున్న ఊరి పేరు భూగోళపు ఈ చివర నా నోట, మీ చెవిని పడినదన్నచో, అది ఆ ఇనుప పక్షుల పుణ్యమే.

మన దేశమున ఈ విద్య లేకపోలేదు. తెనాలి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావుగారును, ఆయన కుమారుడు రవిచంద్రయు వేలకొలది ఇనుప నట్లను కూర్చి ధ్యాననిష్ఠలోనున్న గాంధీమహాత్ముని విగ్రహమును చేసిరి. మోటారు బండ్ల తుక్కుతో చేసిన వారి విగ్రహములు ఇతర రాష్ట్రములకును పోయినవి. విజయవాడ ఆటోనగరులో పాత లారీని విప్పువాని చేతికి ఏ భాగము ఎక్కడ పనికివచ్చునో తెలిసినంతగా ఏ కళాశాల పట్టభద్రునకును తెలియదు. నైపుణ్యము కలదు, ఇనుము కలదు. కాని మన తుక్కు శిల్పములలో నాయకులు, దేవతలు, చలనచిత్ర వీరులు అధికము. మన జంతువులు తక్కువ. ఒంగోలు వృషభమును నాగలి నుండి తప్పించినది ట్రాక్టరు. అరిగి మూలబడిన ఆ ట్రాక్టరు ఇనుముతోనే ఒంగోలు గిత్తను నిర్మించి, ఆ జిల్లా రహదారిమీద నిలిపినచో, దానిని చూచినవారికి వేరొకరు వివరింపవలసిన పని యుండదు. శ్రీకాకుళము జిల్లాలోని తేలినీలాపురమునకు ఏటేట వచ్చు గూడబాతులకు అక్కడి బాటప్రక్కన ఇనుప రెక్కలు ఏల ఉండరాదు?

చోటు ఎన్నుకొనుటలో గాలిని, తేమను చూడవలెను. సముద్రతీరమున ఉప్పుగాలి ఇనుమును త్వరగా తినివేయును. కాకినాడలోను, విశాఖలోను నిలిపినచో రంగుఖర్చు నిత్యము వెంటాడును. పొడిగాలి సీమ ఇనుమునకు మేలు. మనకు అట్టిది రాయలసీమ. అక్కడ నందికొట్కూరు ప్రాంతమున రోళ్ళపాడు గడ్డిభూములు కలవు. బట్టమేకపిట్టను కాపాడుటకై 1988లో దానిని అభయారణ్యముగా ప్రకటించిరి. మీటరు ఎత్తున, నిటారైన మెడతో గడ్డిలో నడచుచు మిడతలను ఏరితిను ఆ మహాపక్షి నేడు అక్కడ దాదాపు కనుమరుగైనది. ఆ చుట్టుప్రక్కల పల్లెలలో నీరు పడక, లేక పడిన నీరు ఎండిపోయి, రైతులు పైకి లాగివేసిన బోరుబావుల గొట్టములు పాత ఇనుప కొట్లకు కిలోల లెక్కన పోవుచున్నవి. ఆ గొట్టములతో, మన తెనాలివారి చేతనో ఆటోనగరు పనివారి చేతనో, రోళ్ళపాడు పోవు బాటప్రక్కన ఒక బట్టమేకపిట్టను నిలుపవలెనని నా కోరిక. ముప్పది అడుగులు చాలును, గడ్డిభూమిలో అది మైళ్ళదూరము కనబడును. పునాదికిని, పదేండ్ల రంగుకును కావలసిన సొమ్మును ముందుగనే ప్రక్కన పెట్టి, ఊరి రైతులలో ఒకరికి దాని ఆలనాపాలన అప్పగించి మొదలిడవలెను. గొట్టములు జింకుపూతవి గనుక, వెల్డింగుకు ముందు ఆ పూతను గీకివేయుట మరువరాదు.